కంఠసర్పి నేర్పే పాఠం: శిశు సంక్రామిక వ్యాధులలో ప్రత్యేక వైద్యశిక్షణ

పసిబిడ్డ తన బాధను మాటలలో చెప్పుకోలేదు. ఏడుపును, ఊపిరిని, మెడ వాపును గమనించి వైద్యుడే రోగాన్ని గ్రహించవలెను. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. ముగించి, మూడేండ్లు శిశువైద్యంలో ఎం.డి. అభ్యసించిన పిదప కొందరు సంక్రామిక వ్యాధుల శాఖలో ప్రత్యేక శిక్షణ పొందుతారు. అమెరికాలో ఈ ఒక్క శాఖకే మరి మూడేండ్లు కేటాయిస్తారు. ఇంత దీర్ఘశిక్షణ ఎందుకు అన్న ప్రశ్నకు కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, చక్కని సమాధానం. ఉర్దూలో దీనిని ఖునాక్ అంటారు.

ఈ వ్యాధిలో గొంతున బూడిదవర్ణపు పొర ఏర్పడుతుంది. సూక్ష్మజీవి గొంతులోనే నిలిచినా, దాని విషం రక్తంలో కలిసి గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. విరుగుడు సీరం రక్తంలో తిరిగే విషాన్నే హరించగలదు. కణాలలో చేరిన విషాన్ని వెలికి తీయలేదు. కనుక పరీక్షాఫలితం వచ్చేవరకు ఆగక, లక్షణాలను బట్టియే నిర్ణయించి సీరం ఇవ్వవలెను. అది గుర్రపు రక్తం నుండి తయారైనది గనుక కొందరికి వికటించవచ్చు. అందుకు తగిన జాగ్రత్తలూ తెలియవలెను. ఈ సీరం చికిత్సకే 1901లో బేరింగ్‌కు వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించింది.

ఉప్పల్, నాచారం, నారపల్లి వాసులకు నల్లకుంట జ్వరాల ఆసుపత్రి సుపరిచితమే. క్వారంటైన్ అన్న మాట జనుల నోట మారి అది 'కోరంటి దవాఖానా' అయినది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సర్ రోనాల్డ్ రాస్ పేరును ఈ సంస్థకు పెట్టారు. కంఠసర్పి సోకిన పిల్లలకు ఇది చిరకాలంగా ఆశ్రయం.

టీకాలు వ్యాపించిన కొలదీ రోగం అరుదవుతుంది. దానిని కన్నులారా చూచిన వైద్యులూ తగ్గుతారు. నారపల్లిలో గొంతునొప్పితో వచ్చిన బిడ్డకు సామాన్యమైన టాన్సిల్ వాపు అని మందిచ్చి పంపితే, సీరం అందవలసిన గడువు జారిపోతుంది. కావున ఇట్టి ఆసుపత్రులలో రోగి పడక చెంత నేర్చిన విద్య ఊరి వైద్యుని వరకు చేరవలెను.

నివారణ మన చేతిలోనిదే. 6, 10, 14 వారాల టీకాలతో పని ముగియదు. 16–24 నెలల మధ్య, 5–6 ఏండ్ల మధ్య, తిరిగి 10, 16 ఏండ్ల వయసులో మోతాదులు ఉన్నవి. కాలం గడిచిన కొలదీ రక్షణ సన్నగిల్లుతుంది గనుక వీటిని విస్మరించరాదు. విద్యార్థి మిత్రులారా! నేడే ఇంట తమ్ముళ్ల, చెల్లెళ్ల టీకా కార్డులు చూడండి. రేపు వైద్యవిద్యలో అడుగిడువారు ఈ శాఖనూ తలచండి.