మోటారు సైకిలు క్లచ్చు, గేరు దోషములను కనుగొను విధము

వర్ధన్నపేట ప్రాంతమున ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిలో చాల భాగము నేడు మోటారు సైకిలు చేయుచున్నది. యూరియా బస్తాలును, పాలక్యానులును, మందుకొట్టు పంపును దానిమీదనే పోవుచున్నవి. వానకాలమున రెండు బస్తాలు వెనుక కట్టుకొని, ఒకటవ గేరులో, క్లచ్చు సగము పట్టి, గట్టు వెంబడి బురదలో మెల్లగా నడుపుట మన సభ్యులలో పెక్కుమందికి అలవాటైన పనియే. నాట్ల నడుమ బండి నిలిచిపోయినచో ఆ దినము వృథా యగును. కూలివారు ఎరువుకై కాచియుందురు. పిదప ఇంజను విప్పినందులకు సొమ్ము చెల్లింపవలెను. అందుచే ఈ మాసము క్లచ్చు, గేరుల విషయమై మాకు తెలిసినంతవరకు వ్రాయుచున్నాము.

విదేశములలో ట్రయల్సు అను ఒక పందెము కలదు. అందు వేగముతో పనిలేదు. రాళ్లమీదను, వాగులలోను, కాలు నేల మోపక బండిని మెల్లగా దాటించుటయే నేర్పు. స్కాట్లండు దేశమున ఆరు దినములపాటు సాగు ఇట్టి పందెము నూరేండ్లకు పైబడి ప్రసిద్ధము. ఆ బండ్లు మిక్కిలి తేలికగా నుండును. ఒకటవ గేరు మనిషి నడకకు సరిపోవునంత నిదానముగా అమర్చబడియుండును. మనము నడుపునది రోడ్డు కొరకు చేసిన 100 సి.సి. బండి, చేయించునది మాత్రము ఆ పందెపు పని, అదియును బస్తాల బరువుతో! క్లచ్చు ముందుగా చెడుటలో వింత యేమున్నది?

మా బండి సంగతియే చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట అది ఎత్తు ఎక్కునపుడు ఇంజను అరచుటయే గాని ముందుకు సాగకుండెను. ఒక మెకానిక్కు చూచి, ప్లేట్లు అరిగినవని చెప్పి క్రొత్తవి వేసెను. నెల తిరుగకమునుపే మరల అదియే రోగము. రెండవమారు విప్పించిన పిదప తెలిసినదేమనగా, క్లచ్చు వైరు తన గొట్టములో త్రుప్పుపట్టి బిగిసియున్నది. లీవరు వదలినను వైరు పూర్తిగా వెనుకకు రాకుండుటచే ప్లేట్లు గట్టిగా కలియక, జారుచు, మాడిపోయినవి. చౌకయైన వైరు మార్చవలసినచోట రెండుమారులు ప్లేట్లకు సొమ్ము పోసితిమి. అందులకే బయటినుండి చూడదగినవన్నియు చూచిన తరువాతనే లోపల చేయిపెట్టించవలెనని మా అభిప్రాయము.

క్లచ్చు లోపల రాపిడి పూత గల ప్లేట్లును, ఉక్కు ప్లేట్లును ఒకదాని విడిచి ఒకటిగా పేర్చియుండును. స్ప్రింగులు వానిని అదిమి పట్టును. అవి అతుకుకొనియున్నపుడు ఇంజను బలము గేర్లకు పోవును. లీవరు పట్టినచో విడివడును. 1994లో వచ్చిన స్ప్లెండరు మొదలైన నాలుగు స్ట్రోకుల చిన్న బండ్లలో ఈ ప్లేట్లు, గేర్లు, ఇంజను, అన్నియు ఒకే నూనెలో నడచును. పాత బుల్లెట్టులో గేరుపెట్టె నూనె వేరు. రాజదూతు వంటి రెండు స్ట్రోకుల బండిలో పెట్రోలులో కలిపిన నూనె గేర్లకు అందదు. వానికి వేరుగ పోయవలెను. ఈ సంగతి మరచి గేర్లు పాడుచేసికొన్నవారు మునుపు కొందరు కలరు.

మొదట లీవరు చూడవలెను. దాని కొనయొద్ద 10 నుండి 20 మిల్లీమీటర్ల వరకు వదులు ఉండవలెను. అనగా అంతదూరము ఊరక కదలి, తరువాత బిగువు తగులవలెను. వదులు బొత్తిగా లేనిచో క్లచ్చు ఎల్లపుడు కొంచెము పట్టియున్నట్లే, కనుక జారును. వదులు మితిమీరినచో లీవరు పూర్తిగా పట్టినను ప్లేట్లు విడివడవు. ఈ రెండు దోషములును వైరు చివర నున్న నట్టును త్రిప్పినంతమాత్రమున తీరవచ్చును. వైరు పోగులు తెగియున్నవా, లీవరు వదలగానే చప్పున వెనుకకు వచ్చుచున్నదా యనునదియు అప్పుడే చూడవలెను.

వైరు సరిగానుండియు బండి లాగనిచో, క్లచ్చు జారుచున్నదేమో పరీక్షింపవలెను. మనుష్యులు లేని చదునైన రోడ్డుమీద, మూడవ గేరులో మధ్యమ వేగమున పోవుచు ఎక్సలేటరు ఒక్కసారిగా త్రిప్పుడు. ఇంజను ధ్వని హెచ్చి వేగము హెచ్చనిచో క్లచ్చు జారుచున్నది. ధ్వనియు హెచ్చక, బండియు లాగక యున్నచో క్లచ్చును నిందింపరాదు. బ్రేకు పట్టుకొనియుండుట, కార్బురేటరు, గాలి జాలి, వీనిని చూడవలెను. పాత బుల్లెట్టులో కిక్కు బలము క్లచ్చు ద్వారానే ఇంజనుకు పోవును గనుక, కిక్కు జారుటయు ఒక గుర్తే.

నూనె సంగతి ఇక్కడనే చెప్పవలెను. కారు నూనెలు కొన్నిటిలో రాపిడి తగ్గించు మందులు కలిపియుందురు. కారుకు అది మేలు. నూనెలో మునిగి నడచు క్లచ్చుకు కీడు. జపానువారు 1998లో ఏర్పరచిన జాసో ప్రమాణములో ఇట్టి క్లచ్చులకు తగినది ఎం.ఏ. గుర్తు గలది, ఎం.బి. గుర్తు గలది ముఖ్యముగా గేర్లు లేని స్కూటర్లకు. డబ్బా వెనుక ఈ గుర్తు చూచి కొనుడు. ట్రాక్టరుకు పోయగా మిగిలినది గదా యని బండిలో పోయుట పొదుపు కాదు.

ఇక గేర్లు పడకుండుట. ఇందే పొరపాట్లు హెచ్చుగా జరుగును. క్లచ్చు దోషమునకు గేరుపెట్టె విప్పుట, గేరుపెట్టె దోషమునకు క్లచ్చు మార్చుట మేము పలుమారులు చూచితిమి. రెంటిని వేరుచేయు ఉపాయమొకటి కలదు. ఇంజను ఆర్పి, బండిని నడిమి స్టాండుమీద నిలిపి, వెనుక చక్రమును చేతితో మెల్లగా ముందుకు వెనుకకు త్రిప్పుచు, వేరొకరిచే గేర్లు వరుసగా వేయింపుడు. చక్రము కదలనిదే మంచి బండిలోను గేరు పడదు గనుక త్రిప్పుట మానరాదు; చైనులో వ్రేళ్లు పడకుండ టైరునే పట్టుకొనుడు. ఇంజను ఆగియుండగా అన్ని గేర్లును పడుచు, నడచుచుండగా మాత్రము మొరాయించినచో దోషము క్లచ్చుది. ప్లేట్లు పూర్తిగా విడివడుట లేదు. అట్టి బండి ఆగినపుడు న్యూట్రలు దొరకదు. లీవరు పట్టి ఒకటవ గేరు వేయగానే టక్కుమని ముందుకు దూకజూచును. ఇంజను ఆగియున్నను గేర్లు పడనిచో దోషము లోపలి ఫోర్కులలోనో, వానిని కదపు యంత్రములోనో యున్నది. అంతకు ముందు ఒక్కటి: కాలితో తొక్కు గేరు కడ్డీ తన ఇరుసుమీద వదులై జారుచున్నదేమో చూడుడు. ఆ బోల్టు బిగించుటతో కొన్ని బండ్లు బాగుపడును.

పడిన గేరు తనంత తాను జారిపోవుట వేరు రోగము. ఒకే గేరు జారినచో ఆ గేరు చక్రముల ప్రక్కనుండు దిమ్మెల అంచులు అరిగి గుండ్రనైనవనియో, ఫోర్కు వంగినదనియో ఊహింపవచ్చును. దీనికి ఇంజను విప్పక తప్పదు. న్యూట్రలులో వినబడు గరగర ధ్వని, లీవరు పట్టగానే ఆగినచో గేర్ల ఇరుసు బేరింగు అనుమానింపదగినది. నడకలో కటకట ధ్వనియు కుదుపును మాత్రమే యున్నచో ముందు చైను వదులును, పళ్లచక్రపు పండ్లను చూడవలెను. తరచు తప్పు వానిదే.

నూనె దించునపుడు రెండు వ్రేళ్లనడుమ రాచి చూచుట మంచి అలవాటు. మెత్తని బూడిదవన్నె మడ్డి సహజము. నల్లని పొడియు, మాడిన వాసనయు క్లచ్చు పూతవి. మెరయు లోహపు పెళ్లలు కనబడినచో బండిని ఇక నడుపరాదు.

ఆకేరు వాగు నీటిలో బండి ఇంజను మునుగునట్లు దాటినవారు, ఇల్లు చేరినను కిక్కు కొట్టకమునుపు నూనె కడ్డీ తీసి చూడవలెను. నూనె పాలవలె తెల్లబారియున్నచో నీరు చేరినది. దానిని పూర్తిగా దించి, క్రొత్తది పోసి, కొంతదూరము మెల్లగా నడిపి, మరల ఒకమారు మార్చవలెను.