ఖాళీ గడి సున్నా కాదు



మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు వంటిదే కంప్యూటరులోని డేటాబేస్ టేబుల్. వరుసకొక విద్యార్థి, నిలువు గడుల్లో పేరు, ఊరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా. నింపని గడిని 'నల్' అంటారు. 1970లో రిలేషనల్ డేటాబేస్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, 1979 నాటి వ్యాసంలో ఈ నల్ గురించి వివరించాడు.

నల్ అంటే సున్నా కాదు, 'తెలియదు' అని అర్థం. ఐదుగురిలో నలుగురికి 40, 60, 50, 0 మార్కులు వచ్చి, ఒకరు పరీక్షకే రాలేదనుకుందాం. ఎస్.క్యు.ఎల్.లో సగటు అడిగితే నల్‌ను వదిలేసి 37.5 అంటుంది. రానివారికి సున్నా వేస్తే 30కి పడిపోతుంది.

ఇక ఖాతా నంబరు లేనివారెందరో లెక్కించాలి. మొదట అందరికీ తోచేది ఇది:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ విద్యార్థులు వేర్ ఖాతా = నల్;

జవాబు 0 వస్తుంది. ఎర్రరు కూడా చూపదు! తెలియనిది తెలియనిదానికి సమానమా అంటే కంప్యూటరు అవుననదు, కాదనదు. అందుకే ఏ వరుసనూ లెక్కలోకి తీసుకోదు. స్కాలర్‌షిప్పు ఖాతాలోనే పడే ఈ రోజుల్లో, ఆ సున్నాను నమ్మితే ఖాతా లేని పిల్లవాడి సంగతి ఎవరికీ తెలియదు. సరైన పద్ధతి:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ విద్యార్థులు వేర్ ఖాతా ఈజ్ నల్;

మరో దారి, కౌంట్(*) లోంచి కౌంట్(ఖాతా) తీసివేయడం. మొదటిది వరుసలన్నిటినీ, రెండవది నిండిన గడులను మాత్రమే లెక్కిస్తుంది. 120లో 113 పోతే 7.

అసలు చిక్కు నిండినట్టు కనిపించే ఖాళీలతోనే. మా అమ్మానాన్నలను పుట్టిన తేదీ అడిగితే 'పెద్ద తుఫాను వచ్చిన ఏడు' అంటారు. రాసేవారు జనవరి 1 అని వేసేస్తారు. ఫోను లేకపోతే పది తొమ్మిదులు కొడతారు. వీటిని 'ఈజ్ నల్' పట్టుకోలేదు. జనాభా లెక్కల పట్టికల్లో 'వయసు తెలుపనివారు' అని విడిగా ఒక వరుస ఉంటుంది, అదే మాకు నచ్చిన పద్ధతి. మన టేబుల్‌లోనైతే జనవరి 1న పుట్టినవారెందరో విడిగా అడిగి చూడాలి. 120 మందిలో ముప్పై మంది ఉంటే అనుమానించాల్సిందే.

సెలెక్ట్ తర్వాత ఊరు కూడా రాసి, చివర 'గ్రూప్ బై ఊరు' చేరిస్తే కోనాంలో ఎందరు, తురువోలులో ఎందరు అని విడివిడిగా వస్తుంది. ముందు ఏ ఊరు వెళ్ళి కాగితాలు తేవాలో దానిని బట్టి తేల్చుకోవచ్చు.