మొక్కజొన్న చేలో మిగిలిన కలుపు మందు: విరుగుడు నేలలోనే

వరంగల్ చుట్టుపక్కల యాసంగి మొక్కజొన్నలో కలుపుకు ఎక్కువగా వాడేది అట్రజిన్. విత్తిన రెండు రోజుల్లోపు, నేల బరువును బట్టి ఎకరాకు 50 శాతం పొడిమందు 800 నుంచి 1200 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేస్తారు. ఈ మోతాదు మించినా, ఒకేచోట రెండుసార్లు పడినా మందు నేలలో మిగిలిపోతుంది. తేమ లేని వేసవి దుక్కిలో, క్షారగుణమున్న నల్లరేగడిలో అది మరింత నెమ్మదిగా విరుగుతుంది. ఆ తర్వాత వేసిన పెసర, మినుము, నువ్వు, కూరగాయలు బాగానే మొలుస్తాయి; కొద్ది రోజులకు కింది ఆకుల అంచులు పసుపుబారి, మాడి, మొక్క చనిపోతుంది. దీన్ని తెగులనుకుని మరో మందు కొట్టడం వృథా ఖర్చు.

అట్రజిన్‌ను తినే బాక్టీరియా ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో కలుపు మందు ఒలికిన మట్టి నుంచి శాస్త్రవేత్తలు 1990లలో సూడోమోనాస్ ఏడీపీ అనే రకాన్ని వేరుచేశారు. అది ముందుగా మందులోని క్లోరిన్‌ను తొలగిస్తుంది. దాంతోనే కలుపును చంపే గుణం పోతుంది. మిగిలిన భాగాన్ని విడగొట్టి అందులోని నత్రజనిని ఆహారంగా వాడుకుంటుంది. అట్రజిన్ ఏళ్లుగా వాడుతున్న చేలలో ఇలాంటి సూక్ష్మజీవులు సహజంగానే పెరుగుతాయి. రైతు చేయాల్సింది వాటికి పని కల్పించడం.

ఇక్కడే యూరియా అడ్డొస్తుంది. సులువుగా దొరికే నత్రజని ఎక్కువగా ఉంటే బాక్టీరియా మందు జోలికి అంతగా పోదు. కాబట్టి కోత తర్వాత చొప్పను కాల్చకుండా ముక్కలు చేసి దున్నాలి. చొప్ప కుళ్లేటప్పుడు నేలలోని నత్రజని తాత్కాలికంగా అందులో చిక్కుకుంటుంది, బాక్టీరియా అట్రజిన్ వైపు మళ్లుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు కూడా వేసి, నీటి వసతి ఉంటే ఒక తడి ఇవ్వాలి. ఎండిన మట్టిలో ఈ పని దాదాపు ఆగిపోతుంది.

మొక్కల్లో జొన్న, మొక్కజొన్న ఈ మందును తమలోనే నిర్వీర్యం చేసుకోగలవు. వాటి వేర్లు విడిచే చక్కెరలు, ఆమ్లాలు చుట్టూ సూక్ష్మజీవులను పెంచుతాయి. అందుకే అనుమానమున్న చేలో తొలకరికి పప్పుధాన్యాల బదులు జొన్న వేయడం మేలు. జనుము, జీలుగ పచ్చిరొట్టకు మంచివే అయినా పప్పుజాతివి కావడంతో మందు ఎక్కువగా ఉన్నచోట నిలవవు. వాటిని మందు విరిగిన తర్వాతే వేయాలి. చెరువు వైపు వాలున్న చేలకు గట్టు మీద వట్టివేరు వరుస వేస్తే కొట్టుకుపోయే మట్టి ఆగుతుంది. అట్రజిన్ నీటితో కదిలే మందు. భూగర్భజలాల్లో చేరుతోందనే కారణంతో ఐరోపా సమాఖ్య 2004లో దాని అనుమతిని ఉపసంహరించింది.

అన్ని మందులకూ ఈ పద్ధతి పనికిరాదు. పారాక్వాట్ బంకమట్టికి గట్టిగా అతుక్కుపోతుంది, బాక్టీరియాకు అందదు. గ్లైఫోసేట్ సూక్ష్మజీవుల వల్ల విరుగుతుంది, కానీ దాని వాడకంపై తెలంగాణ ప్రభుత్వం 2018లోనే పరిమితులు విధించింది.

దుకాణాల్లో దొరికే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ తెగుళ్ల నివారణకు ఉద్దేశించినది, అట్రజిన్‌ను తొలగిస్తుందని నమ్మి కొనకూడదు. నేల శుభ్రపడిందో లేదో తేల్చుకోవడానికి చేలో పలుచోట్ల జానెడు లోతు మట్టి తీసి కుండీలో, మందు పడని మట్టి మరో కుండీలో నింపి, రెండింటిలోనూ దోస, మినుము విత్తాలి. మూడు వారాల తర్వాత రెండు కుండీల్లోని మొక్కలూ ఒకేలా ఉంటేనే పప్పుధాన్యాలు, నువ్వులు వేయాలి. తేడా కనిపిస్తే ఆకులు, మట్టి నమూనాలతో వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను సంప్రదించాలి.