చిన్న సీఎన్‌సీకి ఏ క్యామ్ కొనాలి? అసలు కొనాలా?

ఉక్కునగరంలో పెరిగినవాళ్లకి లోహం పని కొత్త కాదు. పక్కనే ప్లాంటు, కాస్త దూరం వెళ్తే గాజువాక ఆటోనగర్‌లో లేతు షాపులు. కానీ బల్ల మీద పట్టే 3018 రౌటర్ సంగతి వేరు. బెడ్ 300 × 180 మి.మీ., మూడు అక్షాలు, లోపల జీఆర్‌బీఎల్ కంట్రోలర్. మిషన్‌కే డబ్బులన్నీ అయిపోయాక జూనియర్లు అడిగేది ఒక్కటే: "అన్నా, సాఫ్ట్‌వేర్ ఏం తీసుకోవాలి?" ముందు మీ మిషన్‌కి ఏం వచ్చో, ఏం రాదో చూడండి. ధర సంగతి తర్వాత.

యాస కుదరాలి

గీసిన బొమ్మని టూల్ నడిచే దారిగా మార్చేది క్యామ్. ఆ దారిని జీ-కోడ్‌గా రాసేది అందులోని పోస్ట్ ప్రాసెసర్. జీ-కోడ్ ఒకటే భాష అంటాం గానీ, మన తెలుగుకి లాగే దానికీ యాసలున్నాయి. జీఆర్‌బీఎల్‌కి డ్రిల్లింగ్ సైకిల్ జీ81 అర్థం కాదు, ఎర్రర్ చూపిస్తుంది. కాబట్టి మొదటి ప్రశ్న: జీఆర్‌బీఎల్ పోస్ట్ ఉందా?

ఉచితంలో కోతలు

ఫ్యూజన్ పర్సనల్ లైసెన్స్ ఉచితమే. 2020లో అందులో ర్యాపిడ్ కదలికలు, ఆటోమేటిక్ టూల్ ఛేంజ్ తీసేశారు. "అయితే ఇంకెందుకు?" అనకండి, లెక్క వేద్దాం.

స్పిండిల్ 8000 ఆర్‌పీఎం, టూల్‌కి 2 అంచులు, ఒక్కో అంచు తీసేది 0.05 మి.మీ. అనుకుంటే:
8000 × 2 × 0.05 = నిమిషానికి 800 మి.మీ. ఫీడ్.

గాల్లో తిరిగే దూరం మొత్తం 6 మీటర్లు అనుకోండి. 800 వేగంతో 7.5 నిమిషాలు. మన మిషన్ గరిష్ఠ వేగం 1000కి సెట్ చేసి ఉంటే 6 నిమిషాలు. పోయింది నిమిషన్నర! పెద్ద మిల్లింగ్ మిషన్‌కైతే ఇది నష్టమే, మనకి కాదు. ఇక టూల్ మార్చేది ఎలాగూ మన చెయ్యే.

అసలు చిక్కు

స్టూడెంట్ లైసెన్స్‌లో ఈ కోతలు లేవు. కానీ అది చదువు కోసమే. పర్సనల్ లైసెన్స్‌కీ ఏడాదికి 1000 డాలర్ల ఆదాయం హద్దు. నాకిది ఫైనలియర్. పాసయ్యాక నేమ్‌ప్లేట్లు చేసి అమ్ముదామని ఉంది. వ్యాపారం కాస్త పెరిగిందా, చందా కట్టాలి, లేదా నేర్చుకున్నదంతా మళ్లీ మొదలు.

అందుకే నేను ఫ్రీక్యాడ్ పట్టుకున్నాను. 2024 నవంబర్‌లో 1.0 వచ్చింది, లైనక్స్‌లోనూ నడుస్తుంది, అమ్మకానికి అడ్డు లేదు. జీఆర్‌బీఎల్ పోస్ట్‌లో డ్రిల్ సైకిళ్లని మామూలు కదలికలుగా మార్చే ఆప్షన్ కూడా ఉంది. అలవాటవడానికి టైం పడుతుంది, అది మాత్రం నిజం.

తెలుగు అక్షరం చెక్కాలంటే

"లక్ష్మీ నిలయం" అని నేరుగా క్యాడ్‌లో టైప్ చేస్తే ఒత్తులు విడిపోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్‌గా మార్చి, ఎస్‌వీజీగా తెచ్చుకోండి. ఒత్తుల మధ్య సందు 2 మి.మీ. ఉంటే 3.175 మి.మీ. టూల్ అందులో దూరదు. వీ-బిట్ కావాలి, అంటే వీ-కార్వింగ్ తెలిసిన క్యామ్ కావాలి. ఫ్రీక్యాడ్‌లో అదీ ఉంది.

చివరగా

కాలేజీ ప్రాజెక్టు వరకే అయితే ఫ్యూజన్ హాయి. సరదాగా రెండు వస్తువులు చేసుకుంటే పర్సనల్ చాలు. దీంతో నాలుగు రూపాయలు సంపాదించాలంటే ఫ్రీక్యాడ్ ఇప్పుడే మొదలెట్టండి. ఏది వాడినా మొదటిసారి టూల్‌ని చెక్కకి పైన ఎత్తి, గాల్లోనే ఒకసారి నడిపి చూడండి. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.