ఒక గీతా? రెండు గీతలా?

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఒక పల్లె. ఆ ఊళ్ళో మిరప కోతలు జరుగుతున్నాయి. ఆ ఊళ్ళో ఒక చిన్నకోడలు ఉంది. పెళ్ళయి మూడేళ్ళయింది. ఇంకా పిల్లలు లేరు.

ఈసారి నెల తప్పింది. లెక్క చూసుకుంటే రెండు రోజులు దాటింది. ఆమెకు ఆశ పుట్టింది. భర్త మందుల అంగడికి పోయి గర్భ పరీక్ష కిట్ కొనుక్కొచ్చాడు. మధ్యాహ్నం చేలో నుంచి వచ్చి ఆమె పరీక్ష చేసుకుంది. ఒక్క గీతే వచ్చింది.

ఒక్క గీత వస్తే గర్భం లేదని అర్థం. చిన్నకోడలు దొడ్లో కూర్చుని ఏడ్చింది.

"మూడేళ్ళ నుంచీ ఇదే కత" అని అత్త గొణిగింది.

పక్కింటామె ఒక సలహా ఇచ్చింది. "ముట్టు రావడానికి మాత్రలుంటాయి. తెచ్చి మింగితే సరిపోద్ది" అంది.

మాత్రలు తెచ్చారు. రాత్రికి మింగాలి. సాయంత్రం ఆశా కార్యకర్త ఆ వీధికి వచ్చింది. పిల్లల టీకాల గురించి చెప్పడానికి వచ్చింది. చిన్నకోడలి ముఖం చూసి సంగతి అడిగింది. అంతా విని, "ఆ మాత్రలు మింగబాకమ్మా. ముందు నేనడిగిన వాటికి జవాబు చెప్పు" అంది.

"పరీక్ష ఏ పూట చేసుకున్నావు?"

"మధ్యాహ్నం అక్కా."

"అంతకు ముందు నీళ్ళు బాగా తాగావా?"

"ఎండకి చెంబులు చెంబులు తాగినా."

ఆశా కార్యకర్త ఇలా చెప్పింది. "గర్భసంచిలో పిండం అతుక్కున్నాక ఒంట్లో ఒక హార్మోను పుడుతుంది. దాని పేరు హెచ్‌సీజీ. అది మూత్రంలోకి వస్తుంది. కిట్ దాన్నే పట్టుకుంటుంది. మొదట్లో అది చాలా కొంచెం ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. మరీ తొందరపడి చూస్తే కిట్‌కు అందదు. కొందరికి ఆ నెలలో అండం ఆలస్యంగా విడుదలవుతుంది. అప్పుడు మన లెక్క ముందుంటుంది, గర్భం వెనక ఉంటుంది."

"మరి నీళ్ళు తాగితే ఏమవుద్ది?" అని అత్త అడిగింది.

"చారులో నీళ్ళు ఎక్కువ పోస్తే పులుపు తెలుస్తుందా అత్తా? ఇదీ అంతే. నీళ్ళు ఎక్కువ తాగితే మూత్రం పలచబడుతుంది. తెల్లారి లేవగానే వచ్చే మొదటి మూత్రం చిక్కగా ఉంటుంది. దానితో చూడాలి."

ఆశా కార్యకర్త కిట్ కవరు తెమ్మంది. అత్త తెచ్చింది. అత్త ఈ మధ్యనే రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. మార్కాపురం పలక మీద అంకెలు దిద్దింది. కవరు మీది అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ముందు నెల, తర్వాత ఏడాది.

"ఇది గడువు తేదీయేనా? అయితే గడువు దాటి నాలుగు నెలలయింది!" అంది అత్త.

"అదిగో! గడువు దాటిన కిట్ మాట నమ్మకూడదు. కవరు చిరిగినా, కిట్‌కు తేమ తగిలినా, ఎండలో పెట్టినా పాడవుతుంది. ఒకసారి వాడింది మళ్ళీ పనికిరాదు" అంది ఆశా కార్యకర్త.

చిన్నకోడలు భయంగా అడిగింది. "అయితే ఆ మాత్రలు మింగి ఉంటే?"

"లోపల గర్భం ఉంటే ప్రమాదం. కొన్ని మాత్రలకు గర్భం పోతుంది. నెత్తురు ఆగకుండా పోవచ్చు. డాక్టరు చెప్పకుండా అలాంటివి వాడకూడదు."

వారం ఆగారు. ఆశా కార్యకర్త నిశ్చయ్ కిట్ తెచ్చిచ్చింది. ఈ కిట్‌ను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చిన్నకోడలు తెల్లారి లేచి, శుభ్రమైన పొడి గిన్నెలో మూత్రం పట్టింది. సబ్బు మిగిలిన గిన్నె వాడలేదు. కిట్ మీద చెప్పినన్ని చుక్కలు వేసింది. అయిదు నిమిషాలు ఆగింది.

రెండు గీతలు వచ్చాయి. రెండోది పలచగా ఉంది.

"పలచగా ఉన్నా గీత గీతే. సమయం లోపల వస్తే లెక్కలోకి వస్తుంది. పది నిమిషాలు దాటాక కనిపించే మరకను మాత్రం నమ్మకూడదు. మూత్రం ఆరిపోతే అలాంటి చార పడుతుంది" అని ఆశా కార్యకర్త చెప్పింది.

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "నా కోడలు నీళ్ళు పోసుకుంది! ఇంక భయం లేదు" అంది.

"కొంచెం ఆగు అత్తా" అంది ఆశా కార్యకర్త. ఆమె ఇంకో ఊరి సంగతి చెప్పింది. అక్కడ ఒకామెకు రెండు గీతలు వచ్చాయి. అందరూ సంతోషపడ్డారు. ఆస్పత్రికి పోలేదు. కొన్నాళ్ళకు పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చింది. కొంచెం నెత్తురు కనిపించింది. కళ్ళు తిరిగి పడిపోయింది. 108 బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. స్కానింగ్‌లో తెలిసింది. గర్భం సంచిలో లేదు, ట్యూబులో ఉంది. ట్యూబు పగిలింది. ఆపరేషన్ చేసి ఆమె ప్రాణం కాపాడారు.

"కిట్ అబద్ధం చెప్పలేదు. గర్భం ఉందని చెప్పింది. ఎక్కడ ఉందో అది చెప్పలేదు. అందుకే డాక్టరుకు చూపించుకోవాలి."

మరునాడే అత్తా కోడలూ ఆస్పత్రికి పోయారు. నర్సమ్మ చిన్నకోడలి పేరు రాసుకుని తల్లీ బిడ్డా కార్డు ఇచ్చింది. సంతకం పెట్టమంటే చిన్నకోడలు పెట్టింది. పక్కనే ఉన్న అత్త కార్డు తీసుకుని, తర్వాత ఎప్పుడు రావాలో ఆ తేదీ తనే చదివింది.

తెలుసుకుందాం

కిట్ మీద "సి", "టి" అనే రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి.
సి దగ్గరా టి దగ్గరా గీతలు వస్తే గర్భం ఉన్నట్టు.
సి దగ్గర ఒక్కటే వస్తే గర్భం కనబడలేదని అర్థం.
సి దగ్గర గీత రాకపోతే కిట్ పని చేయలేదు. కొత్త కిట్‌తో మళ్ళీ చూడాలి.

రెండు గీతలు వచ్చినా బిడ్డ పెరగని సమయాలు కొన్ని ఉన్నాయి. కాన్పు అయినా, గర్భం పోయినా, ఆ హార్మోను కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది. పిల్లల కోసం వైద్యం చేసేటప్పుడు కొందరికి ఇదే హార్మోను సూది వేస్తారు. ముత్యాల గర్భంలోనూ రెండు గీతలు వస్తాయి. అప్పుడు సంచిలో బిడ్డ బదులు బుడగల్లాంటి గడ్డ పెరుగుతుంది. దానికి వైద్యం తప్పనిసరి.

మామూలు జ్వరం మాత్రల వల్ల, గర్భం రాకుండా వాడే మాత్రల వల్ల ఫలితం మారదు.

నెల తప్పిన ప్రతిసారీ గర్భమే కాదు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ముట్టు ఆగవచ్చు. థైరాయిడ్ జబ్బు వల్ల, మనోవేదన వల్ల, గర్భం రాకుండా వేసే సూది వల్ల కూడా తప్పవచ్చు. వారం తర్వాత చూసినా ఒక్క గీతే వచ్చి, ముట్టు రాకపోతే డాక్టరును అడగాలి.

గీత ఒకటి వచ్చినా, రెండు వచ్చినా, పొత్తికడుపులో గట్టి నొప్పి ఉంటే, నెత్తురు పోతుంటే, కళ్ళు తిరుగుతుంటే ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మాట్లాడుకుందాం

1. చిన్నకోడలికి మొదటిసారి ఒక్క గీతే ఎందుకు వచ్చింది? మూడు కారణాలు చెప్పండి.
2. అత్త చదువు ఆ ఇంటికి ఎలా పనికొచ్చింది?
3. ఇంట్లో ఉన్న ఏదైనా మందు కవరు తెచ్చి, దాని గడువు తేదీ చదవండి.
4. ఒక్క గీత వచ్చిందని కోడలిని మాట అనడం న్యాయమా? మీరేమంటారు?