అతిథికి కాచిన నీళ్ళు, మరి ఇంటి బిడ్డకు?



మీ ఇంటివారు లోపల వార్డులో ఉండగా మీరు వరండాలో కూర్చొని ఈ పుస్తకం తెరచి ఉంటారు. ఈసారి పాఠం విదేశాల నుండి వచ్చే అతిథుల గురించి. ఆసుపత్రి పుస్తకంలో అతిథుల మాట ఎందుకు అనుకోవద్దు. చివరి వరకు చదివితే ఇది మీ ఇంటి పాఠమేనని మీకే తెలుస్తుంది.

ఎండలు ముదరకముందు, డిసెంబరు, జనవరి నెలల్లో, అమెరికా, ఇంగ్లాండు, ఆస్ట్రేలియా వంటి దేశాల నుండి సేవా బృందాలు మన కృష్ణా డెల్టా ఊళ్ళకు వస్తుంటాయి. వైద్య శిబిరాలలో సాయం చేస్తారు, బడి గోడలకు రంగులు వేస్తారు, పిల్లలకు పాటలు నేర్పుతారు. సంఘస్థులు వారిని తమ ఇళ్ళలో ఉంచుకొని, ఉన్నంతలో మంచి భోజనం పెడతారు. నర్సుగా నేను చాలా ఏళ్ళు ఇలాంటి బృందాల వెంట తిరిగాను. ఆ తిరుగుళ్ళలో జరిగిన కొన్ని పొరపాట్లు, వాటి వలన నేర్చుకున్న సంగతులు మీకు చెబుతాను.

అతిథులు మన ఊళ్ళలో జబ్బు పడడం కొత్త కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లాండు నుండి మచిలీపట్నం వచ్చారు. ఫాక్స్ గారి ఆరోగ్యం ఇక్కడ నిలవలేదు. స్వదేశానికి తిరిగి వెళ్ళి 1848లో కన్నుమూశారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో అనే డాక్టరు గారు చూపించినది 1854లో. అంటే నీటి విషయంలో ఎలా జాగ్రత్త పడాలో ఆ రోజుల్లో వచ్చినవారికీ తెలియదు, పెట్టినవారికీ తెలియదు. మనకైతే తెలుసు. తెలిసి కూడా ఎవరికోసం పాటిస్తున్నాము అన్నదే ఈ పాఠంలోని ప్రశ్న.

1. నిమ్మరసంలో ఐసుముక్క

కొన్నేళ్ళ క్రితం, సంక్రాంతి వెళ్ళిన వారం. విజయవాడకు గంట ప్రయాణంలో, కాలువ గట్టున ఉన్న ఒక ఊరు. ఆరుగురు అతిథులు ఒక సంఘ పెద్ద గారి ఇంట్లో దిగారు. వారి కోసం సీసా నీళ్ళు పెట్టెలు పెట్టెలుగా తెప్పించారు. అన్నం, పప్పు, కోడికూర పొయ్యి మీద నుండి వేడివేడిగా దించి వడ్డించారు. అయినా ఆదివారం రాత్రి నలుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

ఆ ఇంటి మామ్మగారు ఏడుపు ఒకటే తక్కువ. "నా చేతి వంట తిని ఇంతవరకు ఒక్కరికీ ఏమీ కాలేదమ్మా" అన్నారు. వంట తప్పు కాదు. విచారిస్తే తేలినది ఇది. మధ్యాహ్నం నిమ్మరసంలోకి బజారు నుండి ఐసు గడ్డ తెచ్చి, గోనెపట్టాలో చుట్టి, పగలగొట్టి వేశారు. నిమ్మరసం సీసా నీళ్ళతోనే కలిపారు. కాని ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరికీ తెలియదు. నీరు గడ్డ కట్టినంత మాత్రాన అందులోని క్రిములు చావవు. పైగా గ్లాసులన్నీ ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీశారు. పెరుగు పచ్చడిలోని పచ్చి ఉల్లిపాయ ముక్కలనూ ఆ బకెట్టు నీళ్ళతోనే కడిగారు.

సోమవారం ఉదయం ఏడింటికల్లా డాక్టరు గారితో నేను అక్కడ ఉన్నాను. అతిథులకు సెలైను పెట్టించాలని ఇంటివారు పట్టుబట్టారు. పెట్టకపోతే మర్యాద తక్కువ అవుతుందని వారి భయం. అతిథులేమో తమ సంచులలోని ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు తీసి కలుపుకొని, గుక్కెడు గుక్కెడు తాగుతూ పడుకున్నారు. మంగళవారానికి లేచి తిరిగారు.

ఇప్పుడు నేను చెప్పవలసిన అసలు సంగతి. ఆ ఇంటి నడవలో ఒక ఉయ్యాల ఉంది. అందులో మామ్మగారి మనవడు, ఏడాదిన్నర వాడు, పడుకొని ఉన్నాడు. వాడికి కూడా ఆదివారం నుండే నీళ్ళ విరేచనాలు. నేను సోమవారం ఆ ఉయ్యాల పక్కనుండే లోపలి గదికి వెళ్ళాను, తిరిగి వచ్చాను. అతిథులను అడిగినట్టు ఆ బిడ్డ గురించి అడగలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. "పళ్ళొస్తున్నాయి, మామూలే" అనుకున్నారు. విరేచనాలు ఎక్కువవుతాయని పాలు, నీళ్ళు తగ్గించారు.

బుధవారం సాయంత్రం తల్లి వాడిని భుజాన వేసుకొని ఆసుపత్రికి వచ్చింది. కళ్ళు లోతుకు పోయాయి. ఏడిస్తే కన్నీరు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. వెంటనే సెలైను ఎక్కించారు. నాలుగు రోజులు ఉండి ఆడుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో రాయడానికి నాకు చేయి రాదు.

అతిథికి సీసా నీళ్ళు పెట్టిన ఇంట్లోనే బిడ్డ పాలసీసా పంపు నీళ్ళతో కడిగారు. అతిథికి పొద్దున్నే డాక్టరు వచ్చారు. బిడ్డకు నాలుగో రోజు సాయంత్రం. ఇది ఆ ఇంటివారి తప్పని చెప్పడం లేదు. చదువుకున్న నర్సును, నేను కూడా ఆ ఉయ్యాల దాటి వెళ్ళినదానినే.

విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఏమి చేయాలి?

ఓ.ఆర్.ఎస్. అంటే పేదవారి మందు, సెలైను అంటే గొప్ప మందు అనే మాట మనసులోనుండి తీసివేయండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్లోని బన్‌గాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గారు ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని బంధువుల చేతనే రోగులకు తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 కంటే తగ్గాయి. ఆ నీరు పట్టినది నర్సులు మాత్రమే కాదు. మీవంటి తల్లులు, అక్కలు, అన్నలు.

• ప్యాకెట్టు మీద ఎంత నీరు అని రాసి ఉంటే అంత నీటిలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపండి. పెద్ద ప్యాకెట్టుకు ఒక లీటరు. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేసుకోవద్దు.

• కలిపిన నీరు 24 గంటల లోపల వాడి, మిగిలినది పారబోయండి.

• రెండేళ్ళ లోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనం తరువాత 50 నుండి 100 మి.లీ. అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో నెమ్మదిగా పట్టండి.

• తల్లిపాలు ఆపవద్దు. అన్నం మానిపించవద్దు. పళ్ళు వస్తున్నాయని విరేచనాలను వదిలివేయవద్దు.

• పిల్లలకు డాక్టరు గారు లేక ఆశా కార్యకర్త ఇచ్చిన జింకు బిళ్ళలు, విరేచనాలు తగ్గినా సరే, చెప్పినన్ని రోజులూ వేయండి.

• అట్టపెట్టెలలో దొరికే తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. సరైన మోతాదు లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మందుల షాపులో ప్యాకెట్టే అడగండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇక ఇంట్లో ఉంచవద్దు. దారి పొడవునా ఓ.ఆర్.ఎస్. పడుతూ ఆసుపత్రికి తీసుకురండి.

2. పద్నాలుగు అంటే ఎంత?

ఒక శిబిరంలో ఇంగ్లాండు నుండి వచ్చిన నర్సు గారు తన మిషనుతో ఒక పెద్దాయనకు షుగరు పరీక్ష చేశారు. "పద్నాలుగు" అన్నారు. పక్కనున్న కాలేజీ అబ్బాయి ఆ అంకెను సరిగానే తెలుగులో చెప్పాడు. పెద్దాయన భార్య గుండెలు బాదుకున్నంత పని చేసింది. "షుగరు పద్నాలుగుకు పడిపోయిందా!" అని వెంటనే పంచదార నీళ్ళు తాగించింది.

షుగరు పడిపోలేదు, పెరిగింది. ఇంగ్లాండు, ఆస్ట్రేలియా వంటి దేశాలలో షుగరును వేరే కొలతలో చెబుతారు. వారి అంకెను 18తో హెచ్చవేస్తే మన అంకె వస్తుంది. పద్నాలుగు అంటే 252. అలాగే జ్వరం 39 అని వారు చెబితే మన లెక్కలో 102. అంకె ఒక్కటే తెలిస్తే చాలదు. కొలత ఏమిటో, అది ఎక్కువో తక్కువో కూడా అడగండి.

మందు పేర్లు కూడా ఇంతే. ఒకామె మోకాళ్ళ నొప్పులకు, అమెరికా అతిథులు ఇచ్చి వెళ్ళిన డబ్బాలోని బిళ్ళలు వేసుకునేది. జ్వరం వస్తే షాపులో కొన్న పారాసిటమాల్ దానికి తోడు వేసుకునేది. డబ్బా మీద ఉన్న పేరు అసెటమినోఫెన్. రెండూ ఒకటే మందు, పేరే వేరు. మోతాదు మించితే కాలేయం దెబ్బ తింటుంది. పెద్దవారికి కూడా 24 గంటలలో మొత్తం 4 గ్రాములు, అంటే 500 మి.గ్రా. బిళ్ళలు ఎనిమిది, మించరాదు. మద్యం అలవాటు, కాలేయం జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ. విదేశీ బిళ్ళ బలమైనదని మీ బి.పి., షుగరు బిళ్ళలు మానవద్దు. డబ్బాను మాకు తెచ్చి చూపించండి.

ఇంకొకసారి, అతిథి డాక్టరు గారు మా డాక్టరు గారితో కలిసి వార్డు చూస్తూ ఒక రోగిని "ఈ ఇంజక్షను మీకు పడదా?" అని అడిగించారు. ఆమె మన అలవాటు ప్రకారం తల అటూ ఇటూ ఆడించింది. అవును, పడదు అని ఆమె భావం. అలాంటిదేమీ లేదు అని ఆయనకు అర్థమైంది. కేసుషీటు మీద ఎర్ర సిరాతో రాసి ఉండబట్టి మా సిస్టరు ఆపగలిగింది. డాక్టరు ఎవరైనా సరే, తల ఊపవద్దు. నోటితో చెప్పండి. పాత చీటీలు దగ్గర పెట్టుకోండి.

3. కుక్కపిల్ల గోరు

ఒక అతిథి వీధి కుక్కపిల్లను ఎత్తుకుంటే చేతి మీద గీరింది, రక్తం వచ్చింది. గంటలో ఆమెను టీకాకు తీసుకువెళ్ళారు. ఆ కుక్కపిల్లే అంతకు ముందు ఆ ఇంటి అబ్బాయిని కూడా కరిచిందని, గాయానికి పసుపు అద్ది ఊరుకున్నారని అప్పుడు బయటపడింది. వాడికీ అదే రోజు టీకా మొదలుపెట్టించాము.

కుక్క కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టి, చీటీలో రాసిన తేదీలన్నిటికీ వెళ్ళండి. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత బ్రతికించడం దాదాపు అసాధ్యం.

ఇంటికి వెళ్ళేముందు ఆలోచించండి

• మీ ఇంట్లో తాగే నీరు బాగా తెర్లేవరకు కాచి, మూత పెడుతున్నారా? కుండలో చేయి ముంచకుండా, కాడ ఉన్న గరిటెతో తీస్తున్నారా?

• ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు రెండు ఇంట్లో ఉన్నాయా?

• చుట్టాలు వచ్చినప్పుడు తీసే సబ్బు రోజూ చేతులు కడిగే చోట ఉందా?

• చుట్టాల సందడిలో ఇంట్లోని పసిబిడ్డను, మంచం పట్టిన పెద్దవారిని చూసే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పగిస్తున్నారా?

అతిథులకు చేసే మర్యాదలో ఏమీ తగ్గించనవసరం లేదు. అందులోని జాగ్రత్త మాత్రం వారు వెళ్ళిన తరువాత కూడా ఇంట్లో ఉంచుకోండి. డిశ్చార్జి రోజున వార్డు సిస్టరును అడిగి, ఓ.ఆర్.ఎస్. మీ చేతులతో ఒకసారి కలిపి చూపించండి. సిగ్గుపడవద్దు. తప్పు ఉంటే అక్కడే చెబుతాము.