నీటియంత్రముల ఊగిసలాట

సైకిలు నేర్చుకొను దినములలో మనము తొట్రుపాటున పిడిని మిక్కిలిగా త్రిప్పి క్రిందపడుదుము. యంత్రములకును ఇట్టి దోషము కలదు.

మన కొత్తకోటకు పడమట కృష్ణానదిపై జూరాల ఆనకట్ట కలదు. అచటి విద్యుత్కేంద్రమున 39 మెగావాట్ల యంత్రములు 6 కలవు. ఇట్టి యంత్రముల వేగము హెచ్చినచో నీటి తలుపులను మూయుటకును, తగ్గినచో తెఱచుటకును గవర్నరను పరికరము ఉండును. బరువైన ఆ తలుపులను కదల్చునది నూనె పీడనము.

అయితే తలుపు మూసినంతనే శక్తి తగ్గదు. పరుగిడు నీరు తటాలున ఆగజాలదు గనుక పీడనము హెచ్చి, శక్తి క్షణకాలము పెరుగును. గవర్నరు తొందరపడి మఱింత మూసినచో, పిమ్మట వేగము మితిమీఱి తగ్గును. అంతట మరల మితిమీఱి తెఱచును. ఈ ఊగిసలాట పెరిగినచో యంత్రమునకు చేటు.

దీని నివారణకై పూర్వపు గవర్నరులలో నూనె నిండిన చిన్న గొట్టము నమర్చిరి. అందలి నూనె సన్నని రంధ్రమున మెల్లగా జారుచు తలుపుల తొందరను అణచెడిది. నేడు ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరములు చేయుచున్నవి. 1868లో మాక్స్‌వెల్ పండితుడు గవర్నరుల స్థిరత్వమును గణితముచే విచారించెను.

తప్పును దిద్దుటకు బలమొక్కటే చాలదు, నిదానమును వలయునని ఇందువలన మనము గ్రహింపవలెను.